ఈ ఒక్క అడుగే కదా

“ఆ ఓడ మీద రోజుకి అయిదువేలమందికి వంట చెయ్యాలట,” అన్నారు కృపానిధి మాస్టారు, టీవీ వైపు వేలు చూపిస్తూ.

తబితా నోరు తెరుచుకుని చూసింది. సముద్రం మీద ఊరంత ఓడ. దాని మీంచి విమానాలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. తాముండే గవరపాలెం మొత్తం ఎత్తి అందులో పెట్టినా ఇంకా చోటు మిగిలేలా ఉంది.

“అయిదువేలమందికే! ఎన్ని బస్తాల బియ్యం పోత్తారు మాస్టారూ?”

“బియ్యమేటే, ఆళ్ళు రొట్టెలు తింటారు,” అన్నాడు ఆమె మొగుడు జాన్ బాబు.

అతను గుమ్మంలో కూర్చుని ఏడాదిన్నర కూతురు రోజలిన్‌కి పాలన్నం తినిపిస్తున్నాడు. వారం రోజులుగా మూడు పూటలా పిల్లకి అతనే పెడుతున్నాడు. మూతి తిప్పేసుకున్నా, అమ్మ వైపు చేతులు చాచినా వదలడు. ఆఖరి ముద్ద తిన్నాకే లేస్తాడు. పొద్దుటిపూట పనికి రానని బెల్లం మార్కెట్లో మేస్త్రికి చెప్పేశాడు కూడా.

ఆ వరసలో టీవీ ఉన్నది మాస్టారింట్లోనే. సోషల్ చెప్పి రిటైరయ్యారు. రెండువేల మూడు మార్చి మొదలైన దగ్గర్నుంచీ తబితా రోజూ వార్తల వేళకి వచ్చి కూర్చుంటోంది. ఇరాక్ మీదికి అమెరికా సైన్యం కదులుతోంది. దాని పక్కనే కువైట్. కువైట్‌లో ఉంటున్న జాన్ బాబు అక్క ఆరోగ్యమేరి అక్కడొక ఇంట్లో వంట పని కుదిర్చింది. రెండేళ్ళు కళ్ళు మూసుకుంటే తాటాకుల పాక బదులు పిల్లకి ఒక సిమెంటు గది. ఎల్లుండి సాయంత్రమే రైలు.

“మాస్టారూ, ఒకటడగనా?”

“అడుగమ్మా.”

“అంత పెద్ద దేశం. ఆళ్ళకేటి తక్కువ? అన్ని సముద్రాలు దాటి ఈ ఇసకలోకి ఎందుకొత్తన్నారు?”

మాస్టారు టీవీ గొంతు తగ్గించారు.

“ఒక్క రోజులో ఎవరూ రారమ్మా. ఇప్పటి సంగతి ముందు ముందు తేలుతుంది గానీ, నా కుర్రతనంలో వియత్నాం యుద్ధం జరిగింది. ముందు సాయం చేస్తామని మాటిచ్చారు. మాటిచ్చాం కదా అని సలహాలు చెప్పడానికి కొందర్ని పంపారు. తరవాత విమానాలు. ఆ విమానాలకి కాపలా ఉండాలని సైన్యం. సైన్యానికి దెబ్బ తగిలితే ఇంకాస్త సైన్యం. ప్రతిసారీ ‘ఈ ఒక్క అడుగే కదా’ అనుకున్నారు.”

“మద్దిలో ఎనక్కి తిరగొచ్చు కదా?”

“నలుగురూ నవ్వరూ? అప్పటికే పోయిన ప్రాణాలకి ఏం జవాబు చెప్తారు? బలమున్నవాడికి వెనకడుగు మరీ బరువు తల్లీ.”

తబితాకి తమ సంగతి గుర్తొచ్చింది. ‘ఊరికే ఫొటోలు తీయించి ఉంచండి’ అంది ఆరోగ్యమేరి, మొదటి ఫోనులో. ఫొటోలున్నాయి కదా అని పాస్‌పోర్టుకి పెట్టారు. పాస్‌పోర్టు వచ్చింది కదా అని ఆమె ఆ ఇంటివాళ్ళకి మాటిచ్చింది. వీసా వచ్చింది. వెళ్దామని ఇంట్లో ఏ రోజూ ఎవరూ కూర్చుని అనుకోలేదు.

ఆకాశంలోంచి నిప్పులు కురిపించగల దేశమూ, తాటాకుల పాకలో తామిద్దరూ నడిచింది ఒకే దారినా! మళ్ళీ టీవీ వైపు చూసింది. మొదటిసారి ఆ ఓడని చూస్తే జాలేసింది.

“బాంబులు పడితే వంటింట్లో ఉన్నోళ్ళకేటవుద్ది మాస్టారూ?”

ఆయన టీవీ కట్టేశారు.

తబితా మొగుడి వైపు తిరిగింది. “ఇంటన్నావా మావా? మానేద్దామేటి?”

జాన్ బాబు చేతిలో ముద్ద ఆగిపోయింది. “మానేత్తే మా అక్క మాట పోద్ది. ఆళ్ళు టిక్కెట్టు పంపేసేరు. పాస్టరుగారు అందరి ముందూ ప్రార్థన సేసేరు. రేపు ఏ మొగం పెట్టుకుని సర్చికెల్తాం?” అన్నాడు. “నాకు మాత్రం ఇష్టమనుకున్నావేటి?”

అప్పుడే బాబ్జి వీధిలోంచి తొంగిచూశాడు. జాన్ బాబుతో కలిసి బెల్లం మోసే కలాసీ.

“ఏటి బావా, యుద్ధం మీ గుమ్మంలోకే వచ్చేసినట్టు మొగాలలాగెట్టేరు? నువ్వు రాక నీ వంతు బెల్లం దిమ్మలు కూడా నేనే మోత్తన్నాను. మేస్త్రి తిట్టిన తిట్లు సెప్పనా?”

“తిట్టనీరా. ఇప్పుడు నాకీ పిల్ల కన్నా పనేటుంది?”

బాబ్జి నవ్వు ఆపేశాడు. “రెండేళ్ళే కదా బావా. ఇట్టే ఎల్లిపోతాయి,” అన్నాడు మెల్లిగా.

మూడో రోజు సాయంత్రం అనకాపల్లి స్టేషన్లో బాబ్జి పెట్టె మోసుకొచ్చాడు. మాస్టారు పేపరుతో సహా వచ్చారు.

“ఇయాల ఏటి రాసేరు?” అడిగింది తబితా.

“ఇంకా మొదలవలేదమ్మా. మాట్లాడుకుంటున్నారు.”

“అయితే ఆగిపోవచ్చు కదా?”

“ఆగాలనుకుంటే ఇప్పుడైనా ఆగొచ్చు.”

తబితా మొగుడి మొహంలోకి చూసింది. అతను ఆమె మొహంలోకి చూశాడు. వద్దు అనే మాట అవతలివాళ్ళ నోట్లోంచి రావాలని ఇద్దరూ ఎదురుచూశారు. రైలు వచ్చేసింది.

రోజలిన్ నాన్న చేతిలోని బిస్కెట్టు కొరుకుతోంది. తబితా దాని బుగ్గ మీద ముద్దుపెట్టుకుంది. పిల్ల నవ్వింది, మళ్ళీ బిస్కెట్టు కోసం నాన్న వైపు తిరిగింది.

“ఏడవకు. నువ్వేడిత్తే అదీ ఏడుత్తాది,” అన్నాడు జాన్ బాబు, తను ఏడుస్తూ.

బాబ్జి పెట్టె లోపల పెట్టి దిగిపోయాడు. పచ్చజెండా ఊగింది.

తబితా ఒక్కతే రైలెక్కింది.