అరచేతిలో ఐదూ నలభై

“బొమ్మ రావట్లేదు! మళ్లీ ఆ పిచ్చి అక్షరాలే!”

ఇంటర్‌కమ్‌లో సర్జన్ గొంతు పగిలిపోతోంది. పై అంతస్తులో, ఆపరేషన్ బల్ల మీద ఓ లారీ డ్రైవరు. తలలో ఎక్కడో నెత్తురు గడ్డకట్టింది. ఎక్కడన్నది స్కాన్ చెప్పాలి. ఆ స్కాన్ తీసిన బాబాయ్ కింది గదిలో మౌస్ పట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. ఆసుపత్రిలో చిన్నాపెద్దా అందరికీ ఆయన బాబాయే. రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలుంది.

ఫైలు మీద మళ్లీ రెండుసార్లు నొక్కాడు. తెర నిండా చుక్కలు, గీతలు, ప్రశ్నార్థకాలు.

“ఇంకోసారి స్కాన్ తియ్యండి!” అని అరిచాడు సూపరింటెండెంట్.

“దించి మళ్లీ ఎక్కించేసరికి మనిషి ఉండడు,” అంది ఇంటర్‌కమ్. “పది నిమిషాలు. అంతకు మించి ఆగలేను.”

తలుపు తోసుకుని కంప్యూటరమ్మాయి వచ్చింది. ఆసుపత్రిలోని లినక్స్ కంప్యూటర్ల బాగోగులన్నీ ఆమెవే.

“నిన్ననే కదమ్మా నువ్వు పరీక్ష చేసి, అంతా బాగుందని గోడకి కాగితం అంటించావు! ఈయనగారు ఇవాళ మొదటి ఫైలే తగలేశాడు!” అంటూ బాబాయ్‌ని చూపించాడు సూపరింటెండెంట్.

“సార్, నేనేం చెయ్యలేదండీ. రోజూ నొక్కినట్టే నొక్కాను.”

“లే బాబాయ్, నేను చూస్తా.”

కుర్చీలో కూర్చుని పోయిన వారం స్కాన్ తెరిచింది. చుక్కలు, గీతలు. పోయిన నెలది తెరిచింది. అదీ అంతే.

“అయిపోయింది. అన్నీ పోయాయి!” సూపరింటెండెంట్ నెత్తి పట్టుకున్నాడు.

“నెల రోజుల ఫైళ్లు ఒక్కసారిగా పాడవ్వవు సార్. ఫైళ్లు బాగానే ఉన్నాయి. వాటిని తెరిచేది మారింది.”

“నాకు అర్థమయ్యేట్టు చెప్పి ఏడు!”

“బొమ్మల్ని బొమ్మలు చూపే ప్రోగ్రామే తెరవాలి. ఇక్కడ అక్షరాలు చదివే ప్రోగ్రామ్ తెరుస్తోంది. స్కాన్ ఫైళ్లన్నీ ఇకనుంచి నువ్వే చూసుకో అని ఎవరో దాన్ని డిఫాల్ట్‌గా పెట్టేశారు. కళ్ల డాక్టరు దగ్గరికి పంపాల్సినవాళ్లని పళ్ల డాక్టరు దగ్గరికి పంపినట్టు.”

“ఎవరా ఎవరో?”

“అది తర్వాత సార్.”

అంటూనే ఆ మార్పు నమోదైన టైము చూసి, చేతికి కాగితం అందక అరచేతిలో పెన్నుతో రాసుకుంది. పైన ఆపరేషన్ థియేటర్లో తెరకీ ఈ గదిలో తెరకీ లాగిన్ ఒకటే. ఇక్కడ సరిచేస్తే అక్కడా సరవుతుంది. ఫైలు మీద మౌస్ కుడి మీట నొక్కింది. వివరాలు తెరిచి, జాబితాలోంచి స్కాన్ బొమ్మల ప్రోగ్రామ్ ఎంచి, దాన్నే డిఫాల్ట్ చేసింది.

“ఇప్పుడు తెరవండి డాక్టర్‌గారూ.”

బాబాయ్ కళ్లు మూసుకున్నాడు.

“వచ్చింది,” అన్నాడు సర్జన్. “ఎడమ చెవికి పైన. అద్దంలా స్పష్టంగా ఉంది.”

లైను తెగిపోయింది. బాబాయ్ గోడకి చేరగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయాడు. సూపరింటెండెంట్ మాత్రం సొరుగులోంచి తెల్లకాగితం తీశాడు.

“ఇప్పుడు చెప్పు. ఎప్పుడు మార్చారు?”

ఆమె అరచెయ్యి విప్పింది. “నిన్న సాయంత్రం ఐదూ నలభైకి.”

ఆయన డ్యూటీ రిజిస్టరు తిరగేశాడు. “ఆరింటి దాకా డ్యూటీ ఈయనదే. ఇంకేం చూడాలి? ఇవాళే సస్పెన్షన్.”

“బాబాయ్, నిన్న ఏమైనా మార్చావా? గుర్తు చేసుకో!”

బాబాయ్ ఆమె వంక చూడలేదు. “నేనే అయ్యుంటానమ్మా. ఈమధ్య కళ్లు సరిగ్గా ఆనడం లేదు. ఏదో నొక్కేసి ఉంటాను.”

“చూశావా, ఆయనే ఒప్పుకుంటున్నాడు!” పెన్ను కాగితం మీద పరుగెత్తింది. బాబాయ్ పేరు పడిపోయింది.

“ఒక్క నిమిషం సార్! ముప్పై ఏళ్ల సర్వీసు ఆయనది. ఇది కావాలని చేసేది కాదు, చెయ్యి జారితే చాలు. ఎంత తేలిగ్గా జరిగిపోతుందో చూడండి, తర్వాత మీ ఇష్టం.”

ఒక ఫైలు ఎంచుకుంది. అనుమానం వచ్చినా, పరీక్ష చేసినా, ఫైలు ఏ రకమో చెప్పే మొదటి వరుసని అక్షరాల ప్రోగ్రామ్‌లో చదవడం ఆమె పద్ధతి. కుడి మీట. ‘వేరే ప్రోగ్రామ్‌తో తెరువు’. అక్షరాల ప్రోగ్రామ్. దాని కింద చిన్న గడి, ‘ఈ రకం ఫైళ్లను ఎప్పుడూ దీనితోనే తెరువు’.

“ఇదిగో సార్, ఈ గడిలో గనక పొరపాటున...”

గడిలో అప్పటికే టిక్కు పడి ఉంది.

ఆమె పెట్టాలనుకోలేదు. తను సరిచేసే కంప్యూటర్లలో రోజుకి నలభైసార్లు పెట్టే టిక్కు. వేలు దానంతటదే పెట్టేసింది.

గబుక్కున రద్దు నొక్కింది. తలెత్తితే ఎదురుగా గోడ మీద కాగితం. ‘ఒక ఫైలు తెరిచి పరీక్షించాను. అంతా సవ్యం. సా. 5.45.’ కింద ఆమె సంతకం. అరచేతిలో అంకెలు, గోడ మీద అంకెలు, రెండూ ఒకే చేతిరాత. నిన్న బాబాయే లేచి ఈ కుర్చీ ఆమెకిచ్చి, ఆమె కోసం టీ తేవడానికి వెళ్లాడు.

ఆమె మెల్లగా వెనక్కి తిరిగింది. నేల మీద కూర్చున్న బాబాయ్ ఆమెనే చూస్తున్నాడు. ఐదూ నలభైకి ఆ కుర్చీలో ఎవరున్నారో ఆయనకి గుర్తుంది. వద్దన్నట్టు, ఎవరికీ కనపడనంతగా తల అడ్డంగా ఊపాడు.

“ఏదో చూపిస్తానన్నావు, ఏదమ్మా?” సూపరింటెండెంట్ సంతకం పెట్టడానికి కాగితం మీదికి వంగాడు.

“ఆ పేరు కొట్టేయండి సార్. అక్కడ నా పేరు రాయండి.”