గుమ్మం డ్యూటీ

"అన్నా, ఫోన్ ఇంటికాడ మర్చిపోయిన. నేను రెండు డోసులు ఏసుకున్న ముచ్చట నీకు తెల్వదా?"

విక్రాంత్ గొంతులో అప్పటికే విసుగు.

"తెలుసు. కానీ చూపించాలి," అన్నాడు భాస్కర్ రావు కుర్చీలోంచి లేవకుండానే.

"మనోళ్లమే గదనే!"

"మనవాళ్లయినా అంతే."

విక్రాంత్ మొహం మాడ్చుకుని కారు వైపు నడిచాడు. "నీ బిడ్డ ఆటైతే నువ్వు ఎప్పుడంటే అప్పుడు లోపలికి పోయి చూస్తవ్. రూల్స్ అన్నీ మాకే," అని వినపడేలా అనేసి మరీ వెళ్లాడు.

2021 డిసెంబర్. జర్మనీలో ఎష్‌బోర్న్ పక్కన చిన్న ఊళ్లో ఒక రైఫిల్ షూటింగ్ క్లబ్. ఆదివారం పొద్దున, బయట రెండు డిగ్రీలు. పెద్దవాళ్లలో యూరప్ ఒప్పుకున్న టీకాల సర్టిఫికెట్ ఉన్నవాళ్లు, కరోనా వచ్చి తగ్గినవాళ్లు మాత్రమే లోపలికి వెళ్లాలి. పిల్లలకు బడిలో చేసే టెస్టు చాలు. గుమ్మం బయట కూర్చున్న మనిషి క్లబ్ ఇచ్చిన ఫోన్‌తో ఒక్కొక్కరి కోడ్ స్కాన్ చేస్తాడు. పచ్చరంగు వస్తే లోపలికి, ఎరుపు వస్తే ఇంటికి. ఆ మనిషే మన భాస్కర్ రావు.

క్లబ్‌లో జీతాల మీద పనిచేసేవాళ్లెవరూ ఉండరు. మ్యాచ్ ఉన్న రోజు ప్రతి పిల్లవాడి ఇంటి నుంచి ఒకరు ఏదో ఒక పని నెత్తిన వేసుకోవాలి. కేకులు, కాఫీ అమ్మాలి. స్కోరు రాయాలి. షూటర్ల వెనక నిలబడి తుపాకుల మీద ఒక కన్నేసి ఉంచాలి. గ్రూపులో పనుల జాబితా పడగానే కాఫీ దగ్గర చోటు కోసం అందరూ ఎగబడతారు. భాస్కర్ రావు మాత్రం నిమిషం తిరక్కుండా 'గుమ్మం' అని పెట్టేస్తాడు. ఈ రూలు వచ్చాక మూడు ఆదివారాలు. మూడింటికీ ఆయనే.

క్లబ్ కార్యదర్శి ఫ్రావ్ లిండ్నర్ లెక్కలో ఆయన దేవుడు. అక్కడి తెలుగువాళ్ల లెక్కలో ఉత్త చాదస్తుడు. ఆ రెండో మాటలో కొంత నిజం లేకపోలేదు. రోడ్డు మీద ఒక్క బండి లేకపోయినా, పచ్చలైటు వెలిగేదాకా కదలని రకం.

అయితే ఆయనకూ ఒక కోరిక ఉంది. కూతురు ఈషాకు పద్నాలుగేళ్లు. ఆయన హైదరాబాద్‌లో పదకొండు నెలలు చిక్కుపడిపోయినప్పుడు ఇక్కడ ఎయిర్ రైఫిల్ నేర్చుకుంది. ఆయన తిరిగొచ్చి ఇంకా నెల కాలేదు. ఆ పిల్ల గురిపెట్టి నిలబడితే ఎలా ఉంటుందో ఒక్కసారీ చూడలేదు. జనవరిలో డ్యూసెల్‌డార్ఫ్‌కి బదిలీ. ఈ క్లబ్‌లో ఈషాకు ఇదే ఆఖరి మ్యాచ్.

హాలు కిటికీలకు ఇనుప షట్టర్లు. ఎయిర్ రైఫిల్ చిన్న చప్పుడు గోడ దాటి రాదు. గురి చెదురుతుందని లోపల ఎవర్నీ ఫోన్ తీయనివ్వరు, కాబట్టి వీడియో ఆశ కూడా లేదు. ఇంత దగ్గరుండి ఏమీ తెలియకపోవడం ఎంత నరకమో ఆయనకే తెలుసు.

విరామంలో ఈషా బయటికొచ్చింది. ఒంటి మీద బిర్రుగా ఉన్న షూటింగ్ కోటు. నాన్నని సగం జర్మన్‌లో బతిమాలింది.

"పాపా, బిట్టె! ఐదు నిమిషాలే. మాస్క్ ఉందిగా. ఎవరు చూస్తారు?"

"చూడాల్సినవాణ్ణి నేనే కదమ్మా."

"మిగతా అందరి పేరెంట్స్ ఉన్నారు లోపల. దస్ ఇస్ట్ సో అన్‌ఫెయర్!"

విసురుగా లోపలికి వెళ్లిపోయింది. ఆయనకు ఏడుపొచ్చింది. మాస్క్ పైకి లాక్కున్నాడు.

ఈలోగా విక్రాంత్ ఫోన్ తెచ్చుకున్నాడు. పచ్చరంగు వచ్చింది. లోపలికి వెళ్లాడు. అరగంట తర్వాత అతనే పరుగెత్తుకుంటూ బయటికొచ్చాడు.

"అన్నా, ఈషా, ఆ అవతలి పిల్ల సమానమైన్రు! ఇంక చెరొక్క షాట్. దాన్తోనే మ్యాచ్ తేలుతది. నువ్వు పో, ఈడ నేను కూసుంట. పొద్దున ఏదో అన్న, మనసుల పెట్టుకోకు."

భాస్కర్ రావు లేచాడు. గుమ్మం దాకా వెళ్లాడు. తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. అద్దంలోంచి సన్నటి నడవా, దాని చివర హాలు తలుపు కనిపిస్తున్నాయి. ఎంత లెక్కేసినా పదిహేను అడుగులు.

"పో అన్నా! ఇంకేం చూస్తున్నవ్?"

చెయ్యి తీసేశాడు.

"వద్దులే విక్రాంత్. నువ్వెళ్లు. ఇక్కడ నేనుంటాను."

"కన్నబిడ్డ కన్న డ్యూటీ ఎక్కువైందా? ఏం మనిషివే నువ్వు!"

విక్రాంత్ లోపలికి పరుగెత్తాడు. తలుపు మూసుకుంది. భాస్కర్ రావు కూర్చున్నాడు, మళ్లీ లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. కాసేపటికి లోపల చప్పట్లు మోగాయి. అవి ఎవరి కోసమో తెలియలేదు.

ఆయన చుట్టూ ఒకసారి చూసి, జేబులోంచి తన సొంత ఫోన్ తీసి, ఆ పొద్దుట్నుంచి ఎన్నోసారో, క్లబ్ ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకున్నాడు. హైదరాబాద్‌లో రెండు డోసులూ వేయించుకున్న కోవాగ్జిన్‌కి ఈసారీ ఎరుపే వచ్చింది.