విలుకాడి కుడిచెయ్యి

"మళ్ళీ ఊడిందండీ."

డాక్టరమ్మ చేతిరుమాలు మడతలు విప్పి, చూపుడువేలంత విలుకాడిని బల్ల మీద నిలబెట్టింది. వాడి పక్కనే వాడి కుడిచెయ్యి పెట్టింది.

కొట్టు నడిపే అక్కాతమ్ముళ్ళలో తమ్ముడు ఆ చేతిని భూతద్దం కింద ఉంచి, అంతుపట్టని జబ్బేదో చూస్తున్నట్టు మొహం పెట్టాడు.

"విచిత్రంగా ఉందే! వీణ్ణి ఎక్కడైనా పడేశారా?"

"లేదండీ. పాచిక వేశాను, అంతే. సరిగ్గా బాణం వెయ్యాల్సిన టైముకి చెయ్యి రాలింది. ఎదుటివాళ్ళు ఒకటే నవ్వు."

"అయ్యయ్యో! శనివారం రండి. ఈసారి చూడండి ఎలా ఉంటుందో."

"పోయినసారీ ఇదే అన్నారు," అంటూ ఆవిడ నవ్వి, వెళ్ళకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

లోపలి గుమ్మంలో నిలబడి వింటున్న అక్కకు ఒళ్ళు మండిపోయింది. ముందు గది కొట్టు, వెనక గదులు ఇల్లు. బల్ల మీద ఆడుకునే యుద్ధాల ఆటల బొమ్మలు, జనం వాడి వదిలేసినవి, పెట్టెలకొద్దీ తెచ్చుకుని, లేని తలకు తల, లేని కత్తికి కత్తి పుట్టీతో చేసి అమ్మడం అక్కాతమ్ముళ్ళ వ్యాపారం. రంగులు అక్కవి, అతుకులు తమ్ముడివి. అతను అతికించిన రెక్క పట్టుకుని డ్రాగన్‌ను గిరగిరా తిప్పినా ఊడదని పేరు. అలాంటివాడికి, చెయ్యి లేకుండా వచ్చిన ఈ ఒక్క విలుకాడే కొరకరాని కొయ్యయ్యాడు.

పైగా కొనుక్కున్నావిడ పళ్ళ డాక్టరు. వంకరపళ్ళకు తీగలు కట్టడంలో దిట్ట. పళ్ళకు వేసే సిమెంటు ఉంచుకుని ఈవిడ మా కొట్టుకు రావడమెందుకని అక్కకు ఒకసారి అనిపించింది కూడా. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పాలు పొంగడంతో ఆ ఆలోచన అక్కడే ఆగిపోయింది.

ఆవిడ వెళ్ళగానే తమ్ముడు ఈల వేసుకుంటూ విలుకాడికి చెయ్యి అతికించేశాడు. అక్క వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఒరేయ్, ఆవిడ ఆడేది క్లబ్బులో. మన అతుకులు ఊడుతున్నాయని అక్కడ తెలిస్తే మనం కొట్టు మూసుకోవాల్సిందే. ఏం జిగురు వాడుతున్నావు?"

"ఎప్పుడూ వాడేదే."

అక్క సీసా మూత తీసి వాసన చూసింది. వేలికి రాసుకుంది. నాలుక మీద పెట్టుకుంది. వంటింట్లో పిండి డబ్బా ఎందుకు ఖాళీ అవుతోందో అప్పుడు అర్థమైంది.

"మైదా! మైదా ఉడకబెట్టి పూస్తున్నావా? లోపల తీగ ముక్కైనా పెట్టలేదా?"

తమ్ముడి చెవులు ఎర్రబడ్డాయి. "గట్టిగా అతికిస్తే ఇంకెందుకొస్తుందక్కా ఆవిడ?"

అక్కకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "నచ్చావని చెప్పి చావొచ్చుగా!"

"అంత ధైర్యముంటే మైదా ఎందుకు ఉడకబెడతాను? ఈ ఒక్కసారికి వదిలెయ్యక్కా."

అక్క వదిలేసినట్టే కనిపించింది. అతను స్నానానికి వెళ్ళగానే విలుకాడి చేతిని ఇట్టే లాగేసింది. భుజానికో సన్నని రంధ్రం, చేతికో రంధ్రం, మధ్యన ఉక్కు తీగ ముక్క, చుట్టూ అసలు జిగురు. ఆరాక చెయ్యి పట్టుకుని బొమ్మను వేలాడదీసి ఊపి చూసింది. "నిన్ను ఊడదీయడం ఇక బ్రహ్మతరం కూడా కాదు," అని వాడితో చెప్పి, అతుకు కనిపించకుండా రంగు అద్దింది. తమ్ముడితో మాత్రం చెప్పలేదు.

శనివారం డాక్టరమ్మ బొమ్మ తీసుకెళ్ళింది. తమ్ముడు వీధి గుమ్మం దాకా సాగనంపి, "మళ్ళీ రండి," అని చుట్టాన్ని పిలిచినట్టు పిలిచాడు.

వారం తిరక్కుండా వచ్చే మనిషి ఆ వారం రాలేదు. పై వారమూ రాలేదు. తలుపు చప్పుడైనప్పుడల్లా తమ్ముడు లేచి నిలబడ్డాడు. కంచం ముందు కూర్చుని కెలికి లేచిపోయాడు. ఒక గుర్రానికి తల వెనక్కి తిప్పి అతికించాడు.

"విసుగొచ్చి ఇంకో కొట్టుకి వెళ్ళుంటుందక్కా. తప్పంతా నాదే," అన్నాడు.

అక్కకు ముద్ద దిగలేదు. కొట్టు పేరు నిలబెట్టబోయి తమ్ముడి కాపురాన్ని, అదింకా మొదలే కాకముందు, చేజేతులా కూల్చానని బాధపడింది. లేని పంటినొప్పి వంక పెట్టుకుని వెళ్ళి డాక్టరమ్మతో అంతా చెప్పేద్దామనుకుంది. ఉన్న పన్ను పీకేస్తుందేమోనని ఆగింది.

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది.

"మళ్ళీ ఊడిందండీ."

డాక్టరమ్మే. చేతిలో విలుకాడు, వేలికి చిన్న కట్టు.

"వేలికేమైందండీ?" తమ్ముడు కంగారుపడ్డాడు.

"పని చేస్తుంటే తగిలిందిలెండి. ముందు వీడి సంగతి చూడండి. ఈసారి చాలా రోజులే ఆగాడు."

"అయ్యయ్యో!" అన్నాడు తమ్ముడు. మొహం మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. "కూర్చోండి, ఇప్పుడే చూస్తాను. కాస్త టైం పడుతుందేమో."

"పట్టనివ్వండి," అంది ఆవిడ, అప్పటికే కుర్చీ లాక్కుని.

అక్క నమ్మలేకపోయింది. తన అతుకు ఊడటమా? తమ్ముడి కంటే ముందే బొమ్మను అందుకుని భూతద్దం కింద పెట్టింది. భుజం దగ్గర జిగురు రాయిలా పట్టుకునే ఉంది. అక్క తలెత్తి చూసింది. డాక్టరమ్మ చటుక్కున తల తిప్పుకుని, గోడకున్న రంగు సీసాలను మహా శ్రద్ధగా చూడటం మొదలుపెట్టింది. అక్క మళ్ళీ భూతద్దంలోకి వంగింది.

లోపలి ఉక్కు తీగ నున్నగా కత్తిరించి ఉంది.