టాన్ చెప్పిన జవాబు

“పొగ ఓడలొస్తే మీవాళ్లకు కూడు దొరుకుతుందా అని దొర అడుగుతున్నారన్నా,” అన్నాడు టీ వర్తకుడు టాన్ యూచెన్.

మోకాళ్ల మీద ఉన్న పడవవాళ్ల పెద్ద పెంగ్ షువాంగ్ తలెత్తాడు. “ఎక్కడి కూడు తమ్ముడూ! మా పడవలన్నీ మోసే సరుకు ఒక్క ఓడ మింగేస్తుంది. పిల్లాపాపలతో నదిలో దూకాల్సిందే. కాస్త గట్టిగా చెప్పు.”

టాన్ విచారణాధికారి వైపు తిరిగాడు. ఆయన రాజధాని మనిషి. ఇక్కడి హునాన్ మాట ఒక్క ముక్క రాదు. షిటాన్ రేవును విదేశీ వ్యాపారానికి తెరవమని ఊరి వర్తకులు ఏడాదిగా కచేరీల చుట్టూ తిరుగుతున్నారు. దిగువ రేవు తెరుచుకున్నాక ఇక్కడి టీ కొట్లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అయినా పడవవాళ్లు కాదంటే తెరిచేది లేదని అధికారి తేల్చేశాడు. గదిలో రెండు భాషలూ వచ్చినవాళ్లంతా వర్తకుల మనుషులేనని టాన్ ధీమా.

“ఓడలొస్తే రేవులో చేతినిండా పని ఉంటుందని సంబరపడుతున్నారు దొరా,” అన్నాడు టాన్ రాజధాని భాషలో.

“ఇందులో అబద్ధం ఉందని తేలితే నీ తల తీయిస్తాను. తెలుసుగా?”

“తెలుసు దొరా.”

“ఏమంటున్నారు?” అని పెంగ్ అడిగాడు.

“ఆలోచిస్తారట అన్నా.”

పెంగ్ చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత అధికారికి వంగి దండం పెట్టి లేచాడు.

రేవు తెరుచుకుంది. టాన్ కొట్టు రెండంతస్తుల మేడ అయింది. పడవలు ఒడ్డునే చివికిపోయాయి. పెంగ్ గడ్డి చెప్పులు అల్లుకుని బతికాడు. అతని కొడుకు బొగ్గు గనికి వెళ్లాడు.

టాన్ పంపిన బియ్యాన్ని పెంగ్ ఎన్నడూ వద్దనలేదు. వీధిలో ఎదురైతే, “మా కోసం దొర ముందు నోరు విప్పినవాడివి నువ్వే తమ్ముడూ,” అనేవాడు. ఆ పూట టాన్‌కు ముద్ద దిగేది కాదు. తర్వాత్తర్వాత పెంగ్ కనిపిస్తే సందులోకి తప్పుకునేవాడు.

ఒక చలికాలం గని కూలిపోయి పెంగ్ కొడుకు చనిపోయాడు.

టాన్ పరుగున వెళ్లి పెంగ్ కాళ్ల మీద పడ్డాడు. “అన్నా, ఇంక మోయలేను. ఆ రోజు నీ మాట నేను చెప్పలేదు. మీరంతా సంతోషంగా ఒప్పుకున్నారని చెప్పాను. నీ కొడుకును చంపింది నేనే. కొట్టు, ఉమ్మెయ్యి, ఏదో ఒకటి చెయ్యి!”

పెంగ్ అతన్ని లేపి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాడు. అల్లం, నువ్వులు వేసిన టీ గిన్నెలో పోశాడు.

“తాగు. చల్లారిపోతుంది,” అన్నాడు.

గిన్నె అందుకోబోయిన టాన్ కొయ్యబారిపోయాడు.

పెంగ్ ఆ మాట అన్నది రాజధాని భాషలో.