నల్ల దారం మీద యముడు

ఆ తెల్లవాడు తనను పోలీసులకు ఎందుకు పట్టించలేదు?

ఆరేళ్లుగా సిద్ధరాములును వదలని సందేహం ఇది.

"దేవుడు కాపాడిండు" అంటుంది భార్య చంద్రభాగ.

"కాపాడేటోడు పోలీసోళ్ల కండ్లు మూస్తె సాలు గద, తెల్లోని నోరు మూసుడెందుకు?" అంటాడు ఆయన. దేవుడికి దండం పెడుతూనే అంటాడు.

ఆ సంగతి జరిగింది 1943లో. సోలాపూర్‌లో కుంఠా నాకా దగ్గర సిద్ధరాములుకు నాలుగు మగ్గాలుండేవి. ఏటా శ్రావణంలో నూలు పున్నమి నాడు నేతగాళ్ల చేత మార్కండేయుడి ఆట ఆడించేది ఆయనే.

ఆటగాళ్లకు ఆయన అడుగులు నేర్పే తీరే వేరు. వాకిట్లో మేకులు కొట్టి, నేల మీద రంగు దారాలు పరిచేవాడు. మార్కండేయుడిది తెల్లది, యముడి వేషం కట్టే పెంటప్పది నల్లది. ఎవరి దారం మీద వాళ్లు నడవాలి.

"పెంటప్పా, మల్ల తెల్ల దారం తొక్కినవ్."

"యమునికి గూడ హద్దులేనా మామా?"

"యమునికే గావాలె."

ఆ ఏడు యముడికి ఖాకీ చొక్కా తొడగాలని సిద్ధరాములు నిర్ణయించాడు. అంతకు ముందు ఏడు క్విట్ ఇండియా గొడవల్లో పేట నుంచి పోలీసులు పట్టుకుపోయిన వాళ్లు ఇంకా జైల్లోనే ఉన్నారు. ఖాకీ సంగతి ముందే బయటపడితే ఆట ఆగిపోతుంది, ఆయనా జైలుకు పోతాడు.

సరిగ్గా అప్పుడే ఒక తెల్ల సిపాయి ప్రతి ఆదివారం సాధన వేళకు వచ్చి గోడవారగా నిలబడసాగాడు. ఎవరితోనూ మాట్లాడడు. చిన్న నోటుపుస్తకంలో ఏదో గీసుకుంటాడు.

పెంటప్ప వెనక నుంచి తొంగి చూసి వచ్చాడు.

"మామా, నక్షా గీస్తుండు. మన గల్లీలన్ని గీసిండు. ఒక కాడ గుండ్రంగ సుట్టిండు. అది పక్కా నా ఇల్లే."

"నీ ఇల్లు ఆనికెందుకురా?"

"యముని ఇల్లు గద."

సిద్ధరాములు నవ్వలేదు. నేరుగా వెళ్లి సిపాయి చేతిలోని పుస్తకం లాక్కున్నాడు. తెరిచి కూడా చూడకుండా, నూలుకు అద్దే నల్లరంగు గంగాళంలో వేశాడు.

వాకిట్లో ఎవరూ కదల్లేదు.

"ఇది మా ఆట. పో, నీ సర్కారుకు జెప్పుకో."

సిపాయి గంగాళం వైపు చూశాడు.

"మాఫ్ కరో, మాస్టర్" అని చేతులు జోడించి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే చంద్రభాగ మూట కట్టింది.

"రెండు ధోతులు పెట్టిన. జైల్ల నీకు ఉతికేటోళ్లు లేరు."

"ఆట అయినంక పోత."

"అందాక వాళ్లు ఆగుతరా?"

"యముడే వచ్చినా ఆగాలె."

నూలు పున్నమి నాడు పెంటప్ప ఖాకీ తొడుక్కునే వచ్చాడు. ఆట చివరిదాకా నడిచింది. పేట పేటంతా నిలబడి చూసింది. పోలీసులు రాలేదు. ఆ సిపాయి కూడా మళ్లీ కనిపించలేదు.

1949లో లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. పైన 'మాస్టర్, మార్కండేయుడి ఆట, కుంఠా నాకా, సోలాపూర్' అని మాత్రమే ఉంది. పోస్టాఫీసులో పనిచేసే వాసుదేవ్ దాన్ని తెలుగు చేసి వినిపించాడు.

"సైన్యం వదిలేశాను. ఇప్పుడు నాటకాలు ఆడిస్తున్నాను. ఇక్కడ ఒక గదిలో ఆడితే, ఎక్కడో ఇళ్లలో కూర్చున్నవాళ్లకు పెట్టెలో బొమ్మ కనిపిస్తుంది. టెలివిజన్ అంటారు. గది చిన్నది, కెమెరాలు పెద్దవి. మొదటి రోజు నటులు ఒకరినొకరు గుద్దుకున్నారు. నేల మీద రంగు పట్టీలు అంటించి, ఎవరి రంగు మీద వాళ్లను నడవమన్నాను. ఇప్పుడు పెద్ద నాటకాలన్నీ నాకే ఇస్తున్నారు."

పెంటప్ప నెత్తి గోక్కున్నాడు. "అంటె అవి గల్లీలు గావా?"

వాసుదేవ్ మిగతాది చదివాడు.

"పుస్తకం రంగులో వేసినందుకు నాకు కోపం రాలేదు. అడగకుండా పాఠం ఎత్తుకుపోతున్న దొంగను నేను. దొంగ ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? గుర్తున్నంతవరకు మళ్లీ గీసుకున్నాను. చివరికి యముడు ఎటు తిరిగి పోతాడో, అదొక్కటే గుర్తు రావడం లేదు."

సిద్ధరాములు కాగితం, పెన్సిల్ తెమ్మన్నాడు.

"యముడు తిరగడు. పిలగాని మొకం సూస్కుంటనే ఎనకకు నడుస్తడు. అట్ల రాయి, వాసుదేవ్."

ఆ మాట కింద, యముడి నల్ల గీతను తన చేత్తోనే చివరిదాకా గీసి, గంగాళంలో పోయిన పుస్తకానికి బదులుగా, సిద్ధరాములు దాన్ని లండన్‌లో ఉన్న తన శిష్యుడికి పంపించాడు.