చౌరస్తా బొమ్మ

ఇటిక్యాల చౌరస్తాలో కురుమయ్య నిలబెట్టిన పోలీసు బొమ్మ గాలివానకు విరిగి పడింది. చేలో దిష్టిబొమ్మను చూసి పిట్టలు బెదిరినట్టు, దీన్ని చూసి లారీలు నెమ్మదిస్తాయని అతని నమ్మకం. భార్య కిష్టమ్మ రోజూ మేకలతో దాటే దారి అది.

అప్పుడే ఆమె మేకలను తోలుకుని వస్తోంది.

కురుమయ్య గబగబా బొమ్మ ఒంటిమీది ఖాకీ చొక్కా తీసి తొడుక్కున్నాడు. నడిరోడ్డు మీది డ్రమ్మెక్కి, చెయ్యెత్తి, అచ్చం బొమ్మలా బిగుసుకుని నిలబడ్డాడు. మేకలు సగం దాటాయి. ఎదురుగా పత్తి లారీ. వేగం తగ్గడం లేదు. దూకేద్దామంటే వెనకే కిష్టమ్మ ఉంది. కళ్లు మూసుకున్నాడు.

బ్రేకులు కీచుమన్నాయి. డ్రమ్ముకు మూరెడు దూరంలో లారీ ఆగింది.

డ్రైవర్ తల బయట పెట్టాడు. అతని మొహం కూడా పాలిపోయి ఉంది.

“రోజు గీ బొమ్మను జూసి నవ్వుకుంట పోతుంటి పెద్దాయనా, ఎన్నడు బ్రేకు తొక్కలే. ఇయ్యాల నీ కాళ్లు గజగజ వణుకుతుంటే మనిషని తెలిసింది.”

సాయంత్రం కురుమయ్య కొత్త బొమ్మ మోకాళ్లకు పాత స్కూటర్ స్ప్రింగులు బిగిస్తుంటే కిష్టమ్మ అడిగింది.

“గివెందుకయ్యా?”

“వణకనీకె.”