సగం పవర్ డబ్బా

“వానికి పవర్‌తో ఏం పని?” అన్నాడు సుదర్శన్.

సుకన్యకు ఒళ్లు మండిపోయింది. హనుమకొండ చౌరస్తాలో నలుగురు తిరిగే దుకాణమని కూడా చూసుకోలేదు. “ఇంకోసారి ఆ మాట అన్నవంటే నేనిక్కడ్నే కూసుంట. ఇంటికి రాను” అంది మొగుడితో.

కౌంటర్ మీద రెండు గేమ్ కన్సోల్‌లు ఉన్నాయి. రెండూ ఒకే కంపెనీవి, ఈ మధ్యే దిగిన కొత్త తరానివి. పెద్దది నల్లగా, బరువుగా ఉంది. చిన్నది తెల్లగా టిఫిన్ డబ్బా అంత ఉంది. ధర సగం, పవర్ కూడా ఇంచుమించు సగమే. దుకాణంలో అమ్మకాలు చూసే ఒవైస్ పాపం మొగుడూ పెళ్లాల మధ్య ఇరుక్కుపోయాడు.

“అక్కా, జర నా మాట వినుండ్రి. గేములు రెండిట్ల అవే నడుస్తయి. చిన్నదాంట్ల బొమ్మ జర మసకగ కనవడ్తది, గంతే. మీ ఇంట్ల టీవీ ఎంతది?”

“చిన్నదే. పాతది” అన్నాడు సుదర్శన్.

“గట్లయితే తేడా కూడ తెల్వది అన్నా. గా టీవీకి పెద్దది పెడితే పైసలు దండుగ.”

“ఇన్నవా?” అని సుదర్శన్ భార్య వైపు తిరిగాడు. పరకాలలో ఎరువుల దుకాణం అతనిది. ఎవరికి ఎంత సరిపోతుందో తనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని అతని నమ్మకం. “ఎకరం పొలమున్నోడు పెద్ద ట్రాక్టర్ కొంటడా?”

ఈ ట్రాక్టర్ మాట ఆమె పెళ్లయినప్పటి నుంచీ వింటోంది. కొడుకు ఓమి సైకిల్ అడిగితే ఎవరిదో పాతదానికి రంగు వేయించి ఇచ్చాడు. ఫోన్ అడిగితే తన పాత ఫోన్‌కే గాజు మార్పించి చేతిలో పెట్టాడు. పిల్లాడు ఒక్కనాడూ మూతి ముడవలేదు. కాస్త పేచీకోరు పిల్లాడైనా బాగుండేదని, అప్పుడైనా ఈ మనిషికి బుద్ధి వచ్చేదని సుకన్య ఎన్నోసార్లు అనుకుంది.

“కంపెనీవోడు చిన్నది ఊకెనే తియ్యలే అక్కా” అన్నాడు ఒవైస్. “అందరు పెద్దది కొనలేరు కదా. కొనలేనోళ్లు కూడ ఆడాలె. మంచి ఆలోచనే.”

“మంచిదే. లేనోళ్లకు మంచిదే. దుకాణం మీద ఇంకో అంతస్తు లేపుతున్నడు, ఈయన లేనోడా?” అంది సుకన్య. “రేపు కొత్త గేములు వస్తే ఈ చిన్నదాంట్ల నడుస్తయా?”

ఒవైస్ తల గోక్కున్నాడు. “రెండేండ్లు ఫికర్ లేదు. ఆ తర్వాత వచ్చేటియి అంటే... జర కష్టమే.”

“మరి?”

“రెండేండ్ల తర్వాత సంగతి మనకెందుకే” అన్నాడు సుదర్శన్, గొంతు తగ్గించి.

అంతే, సుకన్య మొగుడి మీద విరుచుకుపడింది.

“ఎందుకా? వాడు పాతది అడిగినప్పుడు ఏమన్నవ్? ఇప్పుడెందుకురా, కొత్తది వస్తదట, వచ్చినంక కొందాం అన్నవ్. సరే నాయినా అన్నడు. ఆగిండు. ఫోన్ల దాని బొమ్మ పెట్టుకొని ఆగిండు. రెండు రకాలు వస్తయని తెలిసినప్పుడు, నాకు పెద్దదే నాయినా అని నీ మొకం మీదనే చెప్పిండు. గంత ఆగినోనికి ఈ సగం డబ్బా పెడ్తవా? నీకు చేతులెట్ల వస్తయి?”

ఫ్యాన్ల దగ్గర బేరమాడుతున్న వాళ్లు కూడా ఇటు తిరిగారు. సుదర్శన్ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

“మా అన్నలు నవ్వుతరు సుకన్యా. గింత పెట్టి కొన్నవా అని అందరు నవ్వుతరు.”

“నవ్వనియ్యి. రేపొచ్చి ఇంత తిని పోయేటోళ్లు. వాళ్లు నవ్వుతరని నా కొడుక్కు తక్కువ చేస్తనా?”

“రేపు బర్త్‌డేనా అక్కా?” అన్నాడు ఒవైస్, గొడవ చల్లారుద్దామని. ఇద్దరిలో ఎవరూ పలకలేదు. కోపంలో ఉన్నారులే అనుకుని అతనే మళ్లీ అందుకున్నాడు. “ఇంకో కంట్రోలర్ తీస్కోండ్రి. దోస్తులొస్తే ఇద్దరు ఆడుకోవచ్చు.”

“ఒక్కటి చాలు” అంది సుకన్య.

సుదర్శన్ చాలాసేపు ఆ తెల్ల డబ్బానే చూశాడు. చివరికి దాన్ని పక్కకు నెట్టాడు. “పెద్దదే ఇయ్యి తమ్మీ” అని డబ్బు కట్టి, బయటికి పోయి రోడ్డుకేసి తిరిగి నిలబడ్డాడు.

గెలిచానన్న సంతోషం సుకన్యకు ఏ కోశానా లేదు. పరకాల బస్సులో ఆ పెట్టెను ఒళ్లోనే పెట్టుకుంది. బరువు, ఇటియ్యి అని అతను చేయి చాపితే కిటికీ వైపు తిరిగిపోయింది. కోపం తగ్గలేదు. అది తగ్గితే తానేమైపోతుందోనని ఆమెకే భయంగా ఉంది.

తెల్లారి చుట్టాలంతా వచ్చారు. సుకన్య తలస్నానం చేసి, ఓమికి ఇష్టమైనవన్నీ తన చేతులతోనే వండింది. బగారన్నం, కోడికూర, సేమియా పాయసం. ఇంకొకరిని గరిటె ముట్టనివ్వలేదు.

పెద్ద బావ నల్లటి కన్సోల్‌ను ఎగాదిగా చూసి పెదవి విరిచాడు. “గింత పెద్దదెందుకురా? చిన్నది దొరకలేదా?”

“వాడు ఇదే అడిగిండన్నా” అన్నాడు సుదర్శన్. సుకన్య ఏమీ అనకుండానే అన్నాడు.

ఆమె కన్సోల్ మీది ప్లాస్టిక్ కవరు ఊడదీసింది. హాల్లో పీట వేసి, దాని మీద పెట్టి, కంట్రోలర్‌ను కుడిపక్కన సర్దింది. కొంగుతో ఓసారి తుడిచింది.

తర్వాత ఓమి ఫోటోకు దండ వేసింది.